ముడి లేని బంతి

నేను ఏమీ చెయ్యక్కర్లేదు. నోరు తెరవకుండా కూర్చుంటే చాలు, ఈ వాన ఆగిన అయిదు నిమిషాల్లో నవోమి ఓడిపోతుంది. ఎవరికీ అనుమానం రాదు. సాక్షులు ఉండరు. వాన మాత్రం ఇప్పట్లో ఆగేలా లేదు. నాయుడుపేటలో ఈ కాలేజీ వరండా రేకుల మీద ఒకటే మోత, పక్కనున్నవాళ్ళు ఏమంటున్నారో కూడా వినపడదు, గ్రౌండు మధ్యలో బంతి వేసే పిచర్ నిలబడే దిబ్బ మీద కప్పిన నీలం పట్టా నీళ్ళు నిండి పొట్టలా ఉబ్బింది, అవతల హైవే మీద లారీలు పట్టపగలే లైట్లు వేసుకుని పోతున్నాయి. మా అల్లూరు జట్టు పిల్లలు గోడ వారగా వరసగా కూర్చుని కాళ్ళు చాపుకున్నారు. మా బేస్‌బాల్ జట్టుకి నేను క్యాచర్‌ని, కొట్టేవాళ్ళ వెనక కూర్చుని బంతి పట్టేదాన్ని. ముసుగు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను, ఛాతీ కవచం విప్పలేదు. దాని లోపల చెమట చల్లబడి ఒంటికి అంటుకుంటోంది. ఎదురుగా, వరండా ఆ చివర, నవోమి ఉడకబెట్టిన చెనిక్కాయలు ఒలుచుకుని తింటోంది. తింటోంది! ఒక్క బంతి వెయ్యాల్సి ఉంది, ఆ బంతి మీద తన బతుకుంది, చెనిక్కాయలు తింటోంది.

పరిస్థితి ఇదీ. మాకు మూడు పరుగులు, నాయుడుపేటకు రెండు. ఆఖరి ఇన్నింగ్స్, వాళ్ళ బ్యాటింగు. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్కతి అవుటయితే మేం గెలిచినట్టు. కానీ రెండో బేస్‌లో ఒకతి, మూడో బేస్‌లో ఒకతి కాచుకుని ఉన్నారు, ఒక్క గట్టి దెబ్బ పడితే ఇద్దరూ పరిగెత్తుకొచ్చేస్తారు, మేం ఓడినట్టు. బ్యాటు జయశీల చేతిలో ఉంది. మా అందరికంటే తలెత్తు పొడుగు, ఎడమచేతి వాటం, నవ్వుతూ కొడుతుంది. ఆమెకు రెండు స్ట్రయికులు పడ్డాయి, అంటే రెండు బంతులు తప్పింది. మూడోది పడితే ఆట అయిపోయేది. సరిగ్గా అప్పుడు వాన. టేబులు దగ్గర కూర్చున్న రాష్ట్ర సెలెక్టరు వాణి మేడమ్ కాగితాలు చున్నీ కింద దాచుకుని ఆఫీసు గదిలోకి పరిగెత్తింది. ఆ కాగితాల్లో మా పేర్లున్నాయి. పొద్దునే చెప్పేసింది ఆమె, "జట్టుకి ఒక్కరేనమ్మా. అంతకన్నా చోటు లేదు." రాష్ట్ర క్యాంపుకి అల్లూరు నుంచి ఒక్కరు. నవోమి గానీ నేను గానీ. మిగతా పిల్లలు వాళ్ళ పేర్లు అనుకోవడం కూడా లేదు. ఈ బంతి పడితే నవోమి. ఈ బంతి చెడితే, పొద్దుటినుంచి రెండుసార్లు కంచె దాకా కొట్టి, దొంగతనంగా పరిగెత్తిన పిల్లని రెండో బేస్‌లో పట్టించిన నేను.

వాన మొదలవగానే మా కోచ్ హరినాథ్ సార్ మా ఇద్దరినీ దగ్గరికి పిలిచి, తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "ఆ పొడుగుపిల్ల నేరు బంతి కోసం కాచుకోని ఉండాది. మళ్ళీ మొదలు పెట్టగానే కర్వ్ వెయ్యండి. ఏమ్మా సాహిరా, కర్వే అడుగు," అన్నాడు. నవోమి తలూపింది. నేనూ ఊపాను. కర్వ్ అంటే నేరుగా వస్తున్నట్టే వచ్చి చివర్లో కిందికి జారిపోయే బంతి. కొట్టేవాళ్ళ బ్యాటు గాలిలో తిరుగుతుంది, బంతి నా చేతిలో ఉంటుంది. నవోమి కర్వ్ సంగతి జిల్లాలో ఆడే పిల్లలందరికీ తెలుసు. ఇవాళ అది తిరగడం లేదు. ఆ సంగతి సారుకు తెలీదు, ఎందుకంటే పొద్దుటినుంచి నేను దాన్ని మూడే మూడుసార్లు అడిగాను, ఆ మూడుసార్లూ ఎదుటి పిల్లలు ఆమె పేరుకే భయపడి గాలిలో కొట్టారు. జయశీల ఎవరి పేరుకీ భయపడదు. తిరగని కర్వ్ అంటే మెల్లగా వచ్చే మామూలు బంతి, విస్తరేసి వడ్డించడమే. అది ఎందుకు తిరగడం లేదో ఈ వరండాలో నా ఒక్కదానికే తెలుసు.

మా నాయన కుట్టు వల్ల. చెప్తే ఎవరైనా నవ్వుతారు. మా నాయన మీరా మొహిద్దీన్ అల్లూరు బస్టాండు సందులో పరుపులు కుడతాడు. దూది ఏకి, గలీబు నింపి, మూరెడు సూదితో కుట్లు దింపుతాడు, గడ్డంలో ఎప్పుడూ దూది పింజ ఒకటి ఉంటుంది. ఇప్పుడు అందరూ స్పాంజి పరుపులు కొంటున్నారు, పని తగ్గింది. మా గ్రౌండు ఉప్పుమట్టి, గరుకు, బంతుల దారాలు నెలకే తెగిపోయేవి, తోలు ఊడి నాలుకలా వేలాడేది. ఒకరోజు నేనే నాలుగు బంతులు సంచీలో వేసుకొచ్చి, "నాయనా, ఇవి కుట్టగలవా," అని అడిగాను. నేనే. ఆయన బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, సూది పళ్ళ మధ్య పెట్టుకుని, పరుపుల దారానికి మైనం రాసి, పరుపు కుట్టినట్టే కుట్టాడు. కుట్టు కుట్టుకీ ఒక ముడి. "ఒకటి తెగినా రెండోది నిలబడాల," అన్నాడు. అసలు బంతికి ముడులుండవు, దారం తోలులోకి అణిగి నున్నగా ఉంటుంది. మా నాయన బంతికి దారం గట్టులా పైకి లేచి ఉంటుంది, గట్టు పొడుగునా ముడులు. మూడు నెలల్లో మా బంతులన్నీ ఆయన కుట్టినవే అయ్యాయి. కొత్తవి నాలుగు సార్ బీరువాలో పెట్టి తాళం వేశాడు, పెళ్ళిచీరలు దాచుకున్నట్టు. సరిగ్గా ఆ నెలలోనే నవోమి వచ్చింది.

అంతకు ముందు బంతి వేసేది నేను. ఈ మాట జట్టులో ఎవరూ అనరు, మర్చిపోయారు, నేను మర్చిపోలేదు. తొమ్మిదో తరగతిలో హరినాథ్ సార్ నా చేతిలో బంతి పెట్టి వేళ్ళు ఎక్కడ ఉంచాలో ఒక్కొక్కటే పెట్టి చూపించాడు. నడివేలు దారం లోపలి అంచున, బొటనవేలు కింద ఆనించి, వదిలేటప్పుడు తలుపు గడియ తిప్పినట్టు మణికట్టు. ఆర్నెల్లు పట్టింది నాకు. వంటింట్లో కూర్చుని టొమాటోతో చేసేదాన్ని, ఉల్లిగడ్డతో చేసేదాన్ని, అమ్మ తిట్టేది. ఆర్నెల్ల తర్వాత ఒక సాయంత్రం బంతి వంగింది. ఎంత, నాలుగు వేళ్ళంత. ఆ రాత్రి అన్నం తినలేదు నేను, ఆకలే లేదు సంతోషంతో. ఇంటర్లో చేరిన మొదటి వారం నవోమి మైపాడు నుంచి హాస్టలుకొచ్చింది. వాళ్ళమ్మ లిల్లీ రొయ్యల గుంటల మీద కాపలా. సెలవుల్లో ఈమె పని గుంట మీద వాలే కొంగల్ని మట్టిబెడ్డలతో తోలడం, బెడ్డ నీళ్ళలో పడకూడదు, అవతలి కట్ట మీద పడాలి, పడకపోతే గుంట యజమాని తిడతాడు. ఆ చెయ్యి. సార్ ఊరికే ఒక బంతి ఇచ్చి వెయ్యమన్నాడు. మా నాయన కుట్టిన బంతి. ముడి మీద వేలు తగిలించి కొంగని తోలినట్టు విసిరింది. బంతి సగం దూరం నేరుగా వచ్చి, ఎవరో దారం కట్టి లాగినట్టు కిందికి పడిపోయింది. ఆర్నెల్లు కాదు. ఒక్క నిమిషం. సార్ ఈల నోట్లోంచి తీశాడు. ఇక బంతి నా చేతికి రాదని నాకు అప్పుడే అర్థమయింది.

వారం రోజులు ఇద్దరి చేతా వేయించాడు సార్. ఆ వారం నా వేళ్ళకి ఆ ముడులు అడ్డం పడ్డాయి. అవి నాకు రాళ్ళు, ఆమెకు మెట్లు. పొద్దుటినుంచి నేను దీన్నే తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. ఆ వారం పోటీ కొత్త బంతులతో జరిగుంటే? బీరువా తాళం తీసుంటే? నేను ఓడిపోయింది నవోమి చేతిలో కాదు, మా నాయన సూది చేతిలో, ఆ సూదికి బంతి మోసుకుపోయింది నేను. వారం అయ్యాక సార్ నా చేతికి ఈ ముసుగిచ్చి, "నీకు బుర్ర ఉండాది సాహిరా. బుర్ర ఉన్నోళ్ళు వెనక కూర్చోవాల," అన్నాడు. పొగడ్త అనుకున్నాడు పాపం. అప్పటినుంచీ వెనక కూర్చున్నాను. గొంతుక్కూర్చుని గొంతుక్కూర్చుని మోకాళ్ళు ముసలమ్మవయ్యాయి. గుండెకి తగిలిన బంతులు, తొడకి తగిలిన బంతులు, ఎడమ బొటనవేలు రెండుసార్లు తొలిగింది. నేర్చుకున్నాను. బంతిని పట్టడం కాదు, ఒంటితో ఆపడం. కొట్టేవాళ్ళ పాదాలు చూసి ఏ బంతి కోసం చూస్తున్నారో కనిపెట్టడం. వేలితో సైగ చెయ్యడం: ఒక వేలు చూపిస్తే నేరు బంతి, రెండు వేళ్ళు చూపిస్తే కర్వ్. ప్రతి బంతీ నేనే చెప్తాను. ఆమె వేస్తుంది. చప్పట్లు ఆమెకు. ఇన్నాళ్ళలో నా సైగకి ఒక్కసారి కూడా తల అడ్డంగా ఊపలేదు నవోమి. నేను నరకంలో వెయ్యమన్నా వేస్తుంది. అది నమ్మకమని సార్ అంటాడు. నాకైతే అది కూడా సోమరితనంలాగే కనిపిస్తుంది, ఆలోచించే బరువంతా నా నెత్తిన పెట్టి హాయిగా చెయ్యి ఊపడం.

వాన కొంచెం పలచబడింది. లేదు, గాలి తిరిగిందంతే. నవోమి ఇప్పుడు ఎవరితోనో నవ్వుతోంది, చూద్దును గదా జయశీల! అవతలి జట్టు పిల్ల! దోసెడు చెనిక్కాయలు ఆమె చేతిలో పోస్తోంది. "తిను తిను, తింటేనన్నా చెయ్యి బరువెక్కుద్ది," అంటోంది, జయశీల పడీపడీ నవ్వుతోంది. నేనెందుకు అలా ఉండలేను? పోయిన బంతిని మర్చిపోండి అని సార్ రోజూ చెప్తాడు, ఆమె నిజంగానే మర్చిపోతుంది, నేను పోయినేడు గూడూరులో వదిలేసిన బంతి ఏ రంగు మట్టి అంటుకుని ఉందో కూడా చెప్పగలను. ఇంట్లోనూ ఇదే. ఆదివారం నాయన టీవీఎస్ బండి మీద గ్రౌండుకొస్తాడు. కవచం కట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చున్న నన్ను చూడడు. "ఆ పిల్ల చేతిలో నా బంతి ఎట్టా తిరగతా ఉండాదో చూడు!" నా బంతి. ఒకసారి నవోమి పరుపుల కొట్టుకొచ్చి, "మొద్దీన్ మావా, నువ్వు కుట్టిన బంతి నా చెయ్యి పట్టుకోని నడిపిస్తది," అన్నది. ఆ మాటకి మా నాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పదిహేడేళ్ళు ఆయన కూతురిగా ఉండి నేను ఆయన చేత ఒక్కసారి కళ్ళజోడు తీయించలేదు. ఇవాళ కూడా ఫోను చేస్తాడు. మొదటి ప్రశ్న నాకు తెలుసు. నువ్వెట్టా ఆడినావని కాదు.

అందుకే పొద్దున, అంపైరు కొత్త డబ్బా చింపి కొత్త బంతి ఇచ్చినప్పుడు, ఆటకి ముందు చెయ్యి సర్దుకోవడానికి ఆమె వేసిన మొదటి కర్వ్ కర్రలా నేరుగా వచ్చి నా చేతిలో పడ్డప్పుడు, నా బొటనవేలు దారం మీద జారినప్పుడు, ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ జిల్లా ఆటల్లో ఏ జట్టు బంతులు ఆ జట్టే తెచ్చుకునేది, మేం నాయన కుట్టినవే తెచ్చేవాళ్ళం. దీనికి గట్టు లేదు. ముడి లేదు. ఆమె వేలికి పట్టు లేదు. అప్పుడు చెప్పేద్దామనే లేచాను, ఒట్టు. రెండడుగులు వేశాను కూడా. ఆ సమయంలో వాణి మేడమ్ ఫోను తీసి నవోమిని వీడియో తీస్తోంది. నేను ఆ వీడియోలో అడ్డం వస్తున్నానని చెయ్యి ఊపి పక్కకి జరగమన్నది. జరిగాను. అంతే, నాలుక అక్కడే ఆగింది. ఒక ఇన్నింగ్స్ అయింది, తర్వాత చెప్దామనుకున్నాను. రెండో ఇన్నింగ్స్‌కి, ఇంతసేపు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి అని ఆలోచించాను. మూడో ఇన్నింగ్స్‌కి చెప్పకపోవడమే సులువైంది. కొన్ని తప్పులు చెయ్యడానికి ఏ పనీ చెయ్యక్కర్లేదు.

ఎవరో పక్కన కూలబడ్డారు. చెనిక్కాయల వాసన. నవోమి. కాసేపు వాన చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "సాయిరా, నీకే చెప్తుండా, సారుకు చెప్పమాక. కర్వ్ తిరగటం ల్యా. నా మోచెయ్యి పొయ్యిందేమో మే," అన్నది. తిరిగి చూశాను. నవ్వడంలేదు. పొద్దుటినుంచి నవ్విన నవ్వంతా పైపైదే. చెనిక్కాయల తొక్క చేతిలో నలుపుతోంది, వేళ్ళు ఆగడంలేదు. "నొప్పేమన్నా ఉందా?" అన్నాను. "ల్యా. అదే భయంగా ఉండాది. నొప్పుంటే తెలుస్తది గదా." అప్పుడు చెప్పాల్సింది. రెండే మాటలు, చెయ్యి కాదే, బంతి. నోట్లో ఉన్నాయి. కానీ నా లోపల ఇంకొకతి ఉంది, అది చాలా మర్యాదగా, చాలా మెత్తగా లేచి కూర్చుని మాట్లాడింది. "ఏం కాలేదులేమ్మా నవోమీ. నీ చేతికేమయింది, బంగారంలాగుంది. తిరుగుతుంది చూడు. ధైర్యంగా వెయ్యి." భుజం కూడా తట్టాను. ఆమె నా మొహం వైపు కాసేపు చూసింది, "సరే," అని లేచి పోయింది. పని అయిపోయింది. ఎంత తేలిగ్గా అయిపోయింది! మూడు నిమిషాల దాకా నాకు చాలా సంతోషంగా ఉంది. తర్వాత ఆమె రాల్చిపోయిన తొక్కలు ఒక్కొక్కటే ఏరి వానలోకి విసిరేశాను.

రేకుల మీద మోత ఆగింది. ఆగిన తర్వాత గానీ తెలియలేదు. పట్టా లాగారు, రంపపు పొట్టు చల్లారు, సార్ ఈల వేశాడు. ముసుగు తగిలించుకుని గొంతుక్కూర్చున్నాను. తడిమట్టి వాసన. జయశీల పాదాలు నా మొహానికి మూరెడు దూరంలో. వెనక కాలు వెడల్పుగా పెట్టింది, ఎత్తుగా వచ్చే బంతి కోసం ప్రాణం పెట్టే పిల్ల, ఇవాళ మూడుసార్లు భుజం ఎత్తు బంతికి ఊపి తప్పింది. అంటే ఇప్పుడు అడగాల్సింది నేరు బంతి, భుజం ఎత్తున. నా బుర్ర చెప్తోంది, సార్ పొగిడిన బుర్ర. నా చెయ్యి తొడల మధ్య కిందికి పోయి రెండు వేళ్ళు చూపించింది. కర్వ్.

నవోమి తల అడ్డంగా ఊపింది.

పొరపాటున చూశానేమో అనుకున్నాను. మళ్ళీ రెండు వేళ్ళు. మళ్ళీ అడ్డంగా. సార్ గీత దగ్గర నుంచి ఏదో అరుస్తున్నాడు. అంపైరు నా వెనక గొంతు సవరించుకుని, "కానియ్యండమ్మా, మళ్ళీ వానొస్తది," అన్నాడు. ఇరవై గజాల దూరంలో ఆమె బంతి వీపు వెనక దాచుకుని నిలబడి నన్నే చూస్తోంది, కదలడం లేదు, నేను చెప్పకుండా వెయ్యదు, నేను చెప్పింది వెయ్యదు. ముసుగులో నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది. ఎంతసేపో తెలీదు. ఒక వేలు చూపించాను. చేతి తొడుగు భుజం ఎత్తుకి లేపాను. ఆమె తలూపింది. బంతి వచ్చింది, కర్వ్ కాదు, కళ కాదు, ఒట్టి వేగం. జయశీల బ్యాటు గాలిని కోసిన చప్పుడు విన్నాను, నా అరచెయ్యి మండింది, తొడుగు దానంతట అదే మూసుకుంది. వదిలెయ్యొచ్చు, క్యాచరు చేతిలోంచి జారితే మూడో స్ట్రయికైనా అవుటు నిలవదు. ఆ బంతిని నేల మీద వదిలేసి ఉండొచ్చని నాకు ఆట అయిపోయాక తోచింది. చేతులు నన్ను అడగలేదు.

పిల్లలు బురదలో ఒకరి మీద ఒకరు పడి అరిచారు. వాణి మేడమ్ తడిసిన కాగితం చూసి చదివింది. అల్లూరు నుంచి నవోమి. పది రోజుల్లో క్యాంపు. "ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆట కుదరకపోతే, బదులుగా సాహిరా," అన్నది. క్యాంపులో అన్నీ కొత్త బంతులే. రెండు రోజుల్లో ఆమె సంగతి బయటపడుతుంది, మూడో రోజు నాకు ఫోనొస్తుంది. మొదటిదానికంటే ఇది ఇంకా శుభ్రమైన పని. ఈసారి సైగ కూడా చెయ్యక్కర్లేదు. ఇదంతా నేను ఆలోచిస్తూ ఉండగానే నవోమి అందర్నీ విడిపించుకుని నా దగ్గరికొచ్చింది.

"నన్ను 'అమ్మా' అన్నావు చూడు, అప్పుడే భయమేసింది," అన్నది మెల్లగా. "ఏనాడన్నా నాతో అట్టా మాట్లాడినావా నువ్వు? తప్పుంటే మొహాన కొట్టినట్టు చెప్తావు. తియ్యగా మాట్లాడినావంటే ఏందో ఉండాదనుకున్యా." కోపంగా అన్నా బాగుండేది. నేను ముసుగు తీసి పట్టీలు సర్దుతున్నాను. తర్వాత అదే గొంతుతో, ఏమీ జరగనట్టు, "ఇప్పుడన్నా చెప్పు మే. నా కర్వ్ ఎందుకు తిరగటం ల్యా?" అన్నది.

మళ్ళీ నన్నే అడిగింది. సార్ అక్కడే ఉన్నాడు. ఆయన్ని అడగలేదు. నేను ఏం చేశానో తెలిసి కూడా నన్నే అడిగింది, ఆ నిబ్బరం చూస్తే నాకు ఆమె చెయ్యి మీద కంటే ఎక్కువ కుళ్ళొచ్చింది, అది నేను ఏ టొమాటోతోనూ నేర్చుకోలేను. నా దగ్గర ఉన్నది ఒక్కటే, ఆమె దగ్గర లేనిది ఒక్కటే. అది దాచుకుంటే నేను క్యాంపుకి పోతాను.

"చెయ్యి కాదే, మొద్దుమొహమా," అన్నాను, నా తొడుగులోని బంతి తీసి ఆమె చేతిలో పెట్టి. "బంతి. మా నాయన ముడులేస్తాడు, దీనికి ముడులు లేవు. ముడి మీద వేలాడి బతికేదానివి, ఇప్పుడు జారతన్నావు. ఆ వేలు తియ్యి. తియ్యమంటే! నడివేలు ఇక్కడ, దారం లోపల. బొటనవేలు కింద." ఒక్కొక్క వేలూ పట్టుకుని పెట్టాను. చల్లగా, తడిగా ఉన్నాయి. వెనక్కి నడిచిపోయి, ముసుగు కూడా లేకుండా, బురదలో గొంతుక్కూర్చున్నాను. మొదటిది నేలకి కొట్టుకుని నా మోకాలికి తగిలింది. రెండోది నెత్తి మీదుగా పోయింది. మూడోది నేరుగా. "మణికట్టు తిప్పవే, ఏం కొంగల్ని తోలతన్నావా!" అని అరిచాను. నాలుగోది సగం దూరం దాకా ఏ కబురూ లేకుండా వచ్చి, ఒక్కసారిగా కిందికి వంగి, నా తొడుగు అడుగున పడింది. నాలుగు వేళ్ళు కాదు. జానెడు.

కడుపు భగ్గుమంది.

"ఇంకోటి వెయ్యి," అన్నాను.